పగడాల ఇంట్లో సున్నం లెక్క

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు హాల్లోకి అడుగుపెట్టగానే అడిగేది ఒకటే. "ఆ నీలం లైటేంటండీ?" అని. దగ్గరికెళ్ళి చూశాక రెండో ప్రశ్న: "ఇంత పెద్ద ట్యాంకు పెట్టి రెండు చేపలేనా?" నవ్వి ఊరుకుంటాను. అది చేపల కోసం పెట్టిన ట్యాంకు కాదు. పగడాల కోసం. ఆ రెండు చేపలూ అద్దె కట్టకుండా ఉంటున్నాయంతే.

పగడం అంటే మనకి ఉంగరంలో పొదిగేది, నల్లపూసల్లో గుచ్చుకునేది. మా ట్యాంకులో ఉన్నవి వాటికి దూరపు చుట్టాలు. బతికున్నవి. చూడ్డానికి ఒక కొమ్మలాగో, పువ్వులాగో ఉంటుంది గానీ అదొక్క జీవి కాదు, చిన్న చిన్న జీవుల గుంపు. అవన్నీ కలిసి నీళ్ళలోంచి కాల్షియం, కార్బొనేటు లాక్కుని తమ కింద రాతి గూడు కట్టుకుంటాయి. ఆ గూడంతా కాల్షియం కార్బొనేటే. ఆలిచిప్పలో ఉండేదీ, సున్నపురాయిలో ఉండేదీ అదే. మా ఊరి వైపు వెనకటికి గుల్లలు కాల్చి సున్నం చేసేవారు. పగడం ఆ పని తిరగేసి చేస్తుంది, నీళ్ళలో కరిగిన సున్నాన్ని మళ్ళీ రాయిగా మారుస్తుంది.

సముద్రంలో అయితే నీళ్ళకి కొదవలేదు కాబట్టి ఎంత వాడుకున్నా తరగదు. మా ట్యాంకు 75 గాలన్లు. రాళ్ళూ ఇసుకా పోను నికరంగా ఉండే నీళ్ళు 65 గాలన్లు, అంటే 246 లీటర్లు. అందులో పది పగడాలు గూళ్ళు కట్టుకుంటూ కూర్చుంటే సరుకు రోజూ తరిగిపోతుంది. తరిగినంతా ఎవరో ఒకరు తెచ్చి పొయ్యాలి. ఇంట్లో తరిగిపోయే సరుకు తెచ్చి పోసే పని ఎవరిదో మీకు వేరే చెప్పాలా?

ఈ ట్యాంకు మావారి సరదా. 2020లో అందరూ ఇళ్ళలో కూర్చున్నప్పుడు మొదలుపెట్టారు. ఆయన సరదాలన్నీ మూడో నెలకి నా పనులవుతాయి. పెరట్లో టమాటా మడి అలాగే నాకొచ్చింది, పెరుగు తోడు పెట్టే మిషనూ అలాగే వచ్చింది. ఆఫీసులు తెరిచాక ట్యాంకు కూడా వచ్చింది. కాకపోతే దీంట్లో నాకు మెల్లగా రుచి పుట్టింది. ఎందుకంటే ఇది వంటింటి లెక్కే.

ఎలాగో చెప్తాను. చూడాల్సినవి ముఖ్యంగా మూడు. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం మధ్య ఉండాలి. సముద్రంలో 420 దగ్గర ఉంటుంది. మెగ్నీషియం 1300 దగ్గర ఉండాలి. అది తగ్గితే మిగతా రెండూ నీళ్ళలో నిలవవు. మూడోది ఆల్కలినిటీ. ఇక్కడి వాళ్ళు దాన్ని డీకేహెచ్ అనే కొలతలో చెప్తారు. సముద్రంలో 7 దగ్గర, ట్యాంకుల్లో 7 నుంచి 10 లోపు ఎక్కడో ఒకచోట ఉంచుతారు. నీళ్ళలో కార్బొనేటు, బైకార్బొనేటు ఎంత ఉన్నాయో ముఖ్యంగా దాన్నిబట్టి తెలుస్తుంది. పగడానికి గూడు కట్టుకోడానికి కాల్షియం ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం.

ఇందులో తిరకాసేమిటంటే, పగడం ఈ రెంటినీ ఒకే నిష్పత్తిలో వాడుకుంటుంది గానీ నీళ్ళలో రెండూ ఒకేలా నిల్వ ఉండవు. ఇడ్లీ పిండి గుర్తు తెచ్చుకోండి. ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ. ఇంట్లో రవ్వ బస్తాడు ఉండి, మినప్పప్పు చిన్న డబ్బాడే ఉందనుకోండి, ముందు ఏది ఖాళీ అవుతుంది? మినప్పప్పే కదా. ఇక్కడ కాల్షియం బస్తా, ఆల్కలినిటీ డబ్బా. పగడాలు ఒక డీకేహెచ్ ఆల్కలినిటీ వాడుకునేసరికి కాల్షియం తగ్గేది 7 పీపీఎం మాత్రమే. 420లో 7 తగ్గితే టెస్టు కిట్టులో సరిగ్గా తెలియను కూడా తెలియదు. 8లో 1 తగ్గితే పగడానికి వెంటనే తెలుస్తుంది. అందుకే నేను ఆల్కలినిటీ తరచుగా చూస్తాను, కాల్షియం వారానికోసారి, మెగ్నీషియం నెలకోసారి.

చూడ్డం కూడా పెద్ద విద్యేం కాదు. చిన్న సీసాలో ట్యాంకు నీళ్ళు పట్టి, రంగు మందు రెండు చుక్కలేసి, ఇంకో మందు సిరంజితో చుక్క చుక్కగా వేస్తూ కలుపుతూ ఉండాలి. నీలంగా ఉన్నది గులాబీ రంగులోకి తిరిగిన దగ్గర ఆపి, సిరంజిలో ఎంత ఖర్చయిందో చూసుకోవాలి. పాకం పట్టడం వచ్చినవాళ్ళకి ఇది చాలా తేలిక. ఏ చుక్క దగ్గర ఆపాలో చేతికి తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. 2023 ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున్న మావారికి ఆఫీసు నుంచి మెయిలొచ్చింది. తొమ్మిదేళ్ళు పనిచేసిన చోటు. పదిన్నరకల్లా లాప్‌టాప్ పనిచెయ్యడం ఆగిపోయింది. మేమప్పుడు డాలస్ దగ్గర ఉండేవాళ్ళం. ఆయనది హెచ్-1 వీసా. నాది దానికి తోక. ఉద్యోగం పోయిన రోజు నుంచి 60 రోజుల్లోపు ఇంకో కంపెనీ ఆయన పేరు మీద కాగితాలు వెయ్యాలి. లేకపోతే సామాను సర్దుకోవాలి. ఆ రోజుల్లో మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎంతమంది ఈ 60 రోజులూ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారో మీకు తెలుసు. మీలోనూ కొందరు ఉండే ఉంటారు.

మా అబ్బాయికి అప్పుడు పదకొండేళ్ళు. వాడు మూడోరోజు నన్నడిగిన మొదటి ప్రశ్న స్కూలు గురించి కాదు. "అమ్మా, ఇండియా వెళ్ళిపోతే వీటినేం చేస్తాం?" అన్నాడు ట్యాంకు ముందు నిలబడి. ఏం చెప్పను? రాతి పగడాల్ని దేశం దాటించాలంటే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పర్మిట్లుండాలి. పైగా మన దేశంలో వీటిని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. ఏనుగుకీ పులికీ ఉన్నంత రక్షణ వీటికీ ఉంది. లక్షద్వీప్‌లోనో, అండమాన్‌లోనో సముద్రంలో ఉన్నవాటిని చూసి రావడమే తప్ప ఇంట్లో పెట్టుకునేవి కావు. అదంతా వాడికి చెప్పాను. వాడు విని, "అయితే ఇక్కడే ఎవరికైనా ఇవ్వాలి" అని మెల్లగా అన్నాడు.

ఉద్యోగం పోయిన మగమనిషి ఇంట్లో పొద్దస్తమానం ఉంటే ఏం జరుగుతుందో చెప్తాను. ఆయన కళ్ళు ఇంట్లో ప్రతి వస్తువు మీదా పడతాయి. ఉదయం నాలుగింటి దాకా అప్లికేషన్లు పెట్టి, తొమ్మిదింటికి లేచి, ఏదో ఒకటి సరిచేద్దామని చూస్తారు. రెండో వారంలో ఆ చూపు ట్యాంకు మీద పడింది. టెస్టు చేస్తే ఆల్కలినిటీ 7.2 వచ్చిందట. పగడాలు పెరిగాయి కదా, వాడకమూ పెరిగింది. ఆయనకది తక్కువగా అనిపించింది. ఎక్కడో వీడియోలో 9 ఉండాలని చెప్పారట. ఉదయం కొంత, మధ్యాహ్నం కొంత పోసేశారు. నేను సాయంత్రం బాబుని కరాటే క్లాసు నుంచి తీసుకొచ్చి టెస్టు చేస్తే 9.8 వచ్చింది.

ఒక్కరోజులో రెండున్నర పైన పెరగడం పగడాలకి చాలా ఎక్కువ. రోజుకి ఒకటి మించి కదలనివ్వకూడదంటారు. 7.2 దగ్గర అలాగే ఉన్నా వాటికి పెద్ద కష్టమేమీ లేదు, సముద్రంలో ఉన్నదీ అంతే. మూడు రోజులకల్లా కొమ్మల పగడం చివర్లు తెల్లబడ్డాయి. చర్మం పోయి కింద గూడు కనిపిస్తోంది. ఆయన చూశారు. ఏమీ అనలేదు. ఆ రాత్రి భోజనం సగంలో లేచిపోయారు.

నాకు కోపమొచ్చిందా అంటే వచ్చింది. కానీ అప్పటికి రెండు వారాలుగా రోజూ ఎవరో ఒకరు ఆయనకి వద్దని చెప్తూనే ఉన్నారు. ఇంట్లో నేను కూడా "మీరిక ట్యాంకు ముట్టుకోవద్దు" అంటే ఆ మాట ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. అందుకని ఇలా అన్నాను. "ఏవండీ, రోజూ రాత్రి తొమ్మిదింటికి టెస్టు మీరు చెయ్యండి. చుక్కలు లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. పొయ్యడం నేను చూసుకుంటాను." సరేనన్నారు. "మరిప్పుడేం చేద్దాం?" అన్నారు. "మూడు రోజులు ఏమీ పొయ్యొద్దు. అవే వాడుకుని కిందికి తెచ్చుకుంటాయి" అన్నాను. "ఏమీ చెయ్యకుండా ఎలా కూర్చుంటాం?" అన్నారాయన. ఆ ప్రశ్న ట్యాంకు గురించి మాత్రమే కాదని ఇద్దరికీ తెలుసు.

పక్కరోజు నాన్న ఫోన్ చేశాడు. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్న రొయ్యల రైతు. ఉద్యోగం సంగతి ఆయనకి అమ్మ చెప్పేసింది. ఆయన మాత్రం అదెత్తలేదు. "ఏమ్మా, నీ చెరువెలా ఉంది?" అన్నాడు. మా ట్యాంకుని నాన్న మొదట్నుంచీ చెరువనే అంటాడు. జరిగింది చెప్పాను. "ఆల్కలినిటీ ఎంతలో ఉంచుతావు మామూలుగా?" అన్నాడు. 8.4 అన్నాను. "అదేం లెక్క తల్లీ? మాకు వందల్లో ఉంటుంది" అన్నాడు. అప్పుడు కూర్చుని లెక్క కట్టాం. ఒక డీకేహెచ్ అంటే వాళ్ళ లెక్కలో 17.9 పీపీఎం. 8.4ని 17.9తో గుణిస్తే 150.

"నూట యాభయ్యా? మంచి నీళ్ళే!" అన్నాడు నాన్న. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పెళ్ళయి ఇన్నేళ్ళకి మా ఇద్దరికీ ఒకే పని దొరికినట్టనిపించింది. రొయ్య కూడా పెంకు విడిచి కొత్త పెంకు గట్టిపరుచుకోవాలంటే నీళ్ళలో ఇవే ఉండాలి. అందుకే చెరువుల్లో సున్నం, డోలమైటు, మినరల్సు చల్లుతారు. అమావాస్యకీ పౌర్ణమికీ పెంకు విడుస్తాయని రైతులు ఆ రోజుల్లో ఇంకాస్త జాగ్రత్తగా ఉంటారు. "ఒకేసారి గుమ్మరిస్తే నీళ్ళు తిరగబడతాయమ్మా. కొంచెం కొంచెంగానే" అన్నాడు. వెనక నుంచి అమ్మ, "తాంబూలం సున్నం వేస్తే సరిపోదా?" అంది. నవ్వాను గానీ అమ్మ మాటలో తప్పేం లేదు. స్వచ్ఛమైన సున్నంతో తేట తీసి, ఆవిరైపోయిన నీళ్ళ బదులు చుక్కలు చుక్కలుగా వదిలే పద్ధతి ఒకటుంది. కాల్షియం, ఆల్కలినిటీ రెండూ అందులోనే వస్తాయి. కాకపోతే ఘాటు చాలా ఎక్కువ, పీహెచ్ 12 ఉంటుంది. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోకూడదు, ట్యాంకులో గబుక్కున పొయ్యకూడదు. తాంబూలం సున్నంలో ఏమేం కలుస్తాయో తెలియదు కాబట్టి అది మాత్రం పనికిరాదు.

తర్వాత నాన్న, "అల్లుడుగారికివ్వు" అన్నాడు. స్పీకరు పెట్టాను. "1995లో తెల్లమచ్చ తెగులొచ్చింది కదా బాబూ. రెండు చెరువులూ నాలుగు రోజుల్లో పోయాయి. మీ అత్తగారి గాజులు పెట్టి తెచ్చిన డబ్బది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ చెరువు దగ్గరికెళ్ళాను. చూడ్డానికేం లేదక్కడ. ఒకరోజు మానేస్తే ఇక వెళ్ళలేనేమోనని వెళ్ళాను" అన్నాడు. మావారు "అవును మావయ్యగారూ" అన్నారంతే. నాకప్పుడు పదేళ్ళు. అమ్మ చేతికి గాజులు లేకపోవడం చూశాను గానీ నాన్న ఆ ఖాళీ చెరువు దగ్గరికి రోజూ వెళ్ళాడని నాకా రోజు దాకా తెలియదు.

ఇక నేను నా పని మొదలుపెట్టాను. ముందు తెలుసుకోవాల్సింది రోజుకి వాడకం ఎంతో. మూడు రోజులకి 8.4కి దిగింది. ఆ రాత్రి తొమ్మిదింటి నుంచి మర్నాడు తొమ్మిదింటి దాకా ఏమీ పొయ్యకుండా చూస్తే 7.9. అంటే రోజుకి సగం డీకేహెచ్. ఈ ఒక్క లెక్క తెలిస్తే మిగతాదంతా దానికదే వస్తుంది.

రెండోది ఖర్చు. అప్పటిదాకా రెండు సీసాల మందు కొనేవాళ్ళం. ఆ 60 రోజుల్లో నెలకి నలభై డాలర్లంటే నలభై డాలర్లే. ఆ సీసాల్లో ఉండేదేమిటో చూస్తే ఒకటి కాల్షియం క్లోరైడు, ఇంకోటి మన వంటసోడా రకమే. దాంతో ఇంట్లోనే చేశాను. రెండుంపావు కప్పుల వంటసోడా ట్రేలో పరిచి, ఒవెన్లో 300 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గంటసేపు కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడు, తేమ పోయి సోడియం కార్బొనేటవుతుంది. దాన్ని ఒక గాలన్ శుద్ధిచేసిన నీళ్ళలో కలపాలి. ఇంకో గాలన్లో రెండున్నర కప్పుల కాల్షియం క్లోరైడు. ఇది కలిపేటప్పుడు గిన్నె వేడెక్కుతుంది, కంగారుపడకండి. వంటసోడాలో వేరే ఏమీ కలవకూడదు. బేకింగ్ పౌడరు వేరే, అది వాడకూడదు.

మా ట్యాంకుకి రోజుకి 24 మిల్లీలీటర్లు ఇది, 24 అది. సమానంగా పొయ్యాలి, ఎందుకంటే పగడం రెండూ కలిపే వాడుకుంటుంది. పొయ్యడం మాత్రం కలిపి కాదు. చిన్నప్పుడు స్కూల్లో సున్నపు తేటలోకి స్ట్రాతో ఊదితే పాలలా తెల్లబడేది గుర్తుందా? రెండూ ఒకేసారి ఒకేచోట పోస్తే అలాగే నీళ్ళలోనే సున్నపురాయైపోయి కింద పడుతుంది, పగడానికి అందదు. అందుకని పొద్దున్న కాఫీ పెట్టేటప్పుడు ఒకటి, రాత్రి వంటిల్లు సర్దాక ఇంకోటి, నీళ్ళు బాగా కదిలే చోట మెల్లగా పోసేదాన్ని.

రాత్రి తొమ్మిదింటికి మావారు చుక్కలు లెక్కపెట్టేవారు. ఎన్నో కంపెనీ మాట్లాడింది, ఎవరు వద్దన్నారు అని నేనడిగేదాన్ని కాదు. అంకె ఎంతొచ్చిందని మాత్రం అడిగేదాన్ని. 8.3. 8.4. 8.3. కొన్ని రాత్రుళ్ళు ఆ అంకె చెప్పాక మిగతా సంగతులు ఆయనే చెప్పేవారు. కొన్ని రాత్రుళ్ళు చెప్పేవారు కాదు. పుస్తకంలో తేదీ పక్కన ఎన్నో రోజో కూడా ఆయన చేతిరాతతోనే ఉంది. 31వ రోజు 8.4. 38వ రోజు 8.4. 44వ రోజు అంకె పక్కన, "తెల్ల చివర్ల మీద చర్మం వస్తోంది" అని రాశారు. అది చూసి నేను వంటింట్లోకెళ్ళి కాసేపు పంపు తిప్పి నిలబడ్డాను.

51వ రోజున హ్యూస్టన్ కంపెనీ సరేనంది. గడువులోపు కాగితాలు పడ్డాయి. జీతం కొంచెం తక్కువే, అయినా ఊపిరొచ్చింది. కానీ ఊరు మారాలి, ట్యాంకు విప్పాలి. బాబు ముందే అన్నట్టు సగం పగడాల్ని ముక్కలు చేసి ఇద్దరు స్నేహితులకిచ్చాం. పగడం ముక్క విరిస్తే చావదు, అంటించిన చోట మళ్ళీ పెరుగుతుంది. మన దగ్గర మల్లె అంటు ఇచ్చినట్టే. పెట్టుకున్నవి పోయినా వాళ్ళింట్లో ఉంటాయి, అడిగితే మళ్ళీ వస్తాయి. మిగిలినవి నీళ్ళ సంచుల్లో, ఐసు లేని ఐసుపెట్టెలో, బాబు ఒళ్ళో పెట్టుకుని నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చాయి.

కొత్తింట్లో మొదటి వారం నేను చేసిన మొదటి పని మళ్ళీ ఆ 24 గంటల లెక్కే. పగడాలు సగమే ఉన్నాయి, అవీ ప్రయాణంతో అలిసి ఉన్నాయి. వాడకం రోజుకి 0.2. పాత అలవాటుతో 24 మిల్లీలీటర్లు పోస్తే మళ్ళీ మొదటికొచ్చేది. 10 చాలు.

మీలో ఎవరింట్లో అయినా ఇలాంటి ట్యాంకు ఉంటే నేను చెప్పేది ఇంతే. 8 మంచిదా 9 మంచిదా అని వాదించుకోకండి. ఏదో ఒకటి పట్టుకుని అక్కడే ఉండండి. మీ ట్యాంకు రోజుకి ఎంత వాడుకుంటుందో మీరే కొలిచి చూసుకోండి, పక్కింటి లెక్క మీకు పనికిరాదు. అంకె తేడాగా వస్తే ముందు ఇంకోసారి టెస్టు చెయ్యండి, ఆ తర్వాతే సీసా ఎత్తండి. ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ఊరెళ్తే ఎవరికి అప్పజెప్పాలో వాళ్ళకి ఆ పుస్తకం చాలు.

ఇప్పుడు మా దగ్గర రోజుకి 0.4 దాకా వెళ్ళింది. మావారు ఆఫీసు నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా తొమ్మిదింటి టెస్టు ఆయనదే. మాకు రాత్రయ్యేసరికి నాన్నకి తెల్లారుతుంది. చెరువు గట్టు మీద నుంచి వాట్సాప్‌లో ఒక్క మాటే వస్తుంది: "ఎంత?" నేను 150 అని పెడతాను. ఆయన తన అంకె పెడతాడు. నిన్న 130 అని పెట్టి, కింద ఇంకో ముక్క రాశాడు: "రేపు అమావాస్య, ఇవాళ మినరల్స్ చల్లుతున్నా."